పదిహేడో నంబరు ముద్ర

స్లాబ్ క్రీక్, హ్యువాన్ లోయ,
టాస్మేనియా.
1976 ఏప్రిల్ 5, సోమవారం.

ప్రభువు రెక్కల చాటున ఉన్న నా చెల్లెలు ఏవిస్‌కు అక్క హెస్బా వందనాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి, అందరం అంటే ఎవరెవరమా అని చూసుకున్నాను. నేను, ఐదు కోళ్లు, గేటు పక్కన క్విన్స్ చెట్టు. మా అందరి తరఫునా రాస్తున్నాను. అక్కడ బ్రోకెన్ హిల్ దుమ్ములో నువ్వూ, కెన్నూ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టుకునే ఉంటావు. నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. ఒక్కదాన్ని మాత్రం చివరికి ఉంచుకుంటాను. ఎందుకో అక్కడికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

దగ్గు తగ్గింది. గొంతు మాత్రం పూర్వంలా లేదు. ఒకప్పుడు నేను ప్రసంగం మొదలుపెడితే రోడ్డు మీద గుర్రం ఆగిపోయేదని నాన్న అనేవాడు గుర్తుందా? ఇప్పుడు కోడి కూడా ఆగదు. అయినా లోయలో నా పేరింకా ఉరుములమ్మే. వాన వెలిసినా పేరు పోదు.

క్విన్స్ చెట్టు బతికే ఉంది. అరవై ఏడులో వచ్చిన కార్చిచ్చులో కాలిన వైపు చిగురించదు గాని, రెండో వైపు ఈ ఏడు నలభై కాయలు కాసింది. జెల్లీ కాచాను. పదకొండు సీసాలు అలమరలో ఉన్నాయి. ఇవ్వడానికి గుమ్మం దాటి చూస్తే, అటు మూడిళ్లూ తాళం, ఇటు రెండిళ్లూ తాళం. విధవరాలి కూజాలో నూనె తరగలేదని ఏలీయా కథలో చదువుకున్నాం. తరగకపోవడం కూడా ఒక్కొక్కప్పుడు కష్టమేనని అప్పుడు తెలియలేదు.

ఏం తింటున్నావని అడిగావు. ఒక్కదానికి వండటం నాకింకా చేతకాలేదు. అమ్మ గిన్నెలోనే వండుతాను. ఆదివారం పెట్టిన మాంసం కూర బుధవారం దాకా అదే. ఎడారిలో కురిసిన మన్నాకి మర్నాడే పురుగు పట్టింది. నా కూరకి పట్టడం లేదు, చలి మొదలైంది కదా.

తోటల సంగతి రాయమన్నావు. ఇంగ్లండ్ ఓడలు మన పండు అక్కర్లేదన్నాక ఎవరి చెట్లు వాళ్లే పీకించుకుంటున్నారు. ట్రాక్టరుకి గొలుసు కట్టి లాగుతారు. వేరు తెగేటప్పుడు వచ్చే శబ్దం వర్ణించను. నాన్న నాటిన స్టర్మర్ ఆపిల్ వరసలు పోయిన నెలలో పోయాయి. కుప్పలు పోసి కాల్చారు. వారం రోజులు లోయంతా ఆపిల్ కర్ర పొగ. తియ్యటి వాసన, ఏవిస్. అది హాయిగా పీల్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

చాపెల్ మూసేశారు. నిన్న జరిగిన కోత పండుగే ఆఖరి ఆరాధన. దాని గురించి తర్వాత చెబుతాను.

ఇక డబ్బాల సంగతి. "అందరికీ డబ్బాలు అంటించి ఇచ్చానని గొప్పగా రాస్తావు, సొంత చెల్లెలికి ఒక్కటీ లేదా?" అని అడిగావు. నవ్వుతూనే అడిగావు. నాకు మాత్రం ఆ వాక్యం దగ్గర ఉత్తరం మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకోవలసి వచ్చింది.

డబ్బాలు ఎలా మొదలయ్యాయో నీకు ఎప్పుడూ సరిగ్గా రాయలేదు. రెండు చలికాలాల కిందట లోయ వదిలిన మొదటి కుటుంబానికి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఒక ఖాళీ బిస్కట్ డబ్బా ఉంది. మూతపడిన ప్యాకింగ్ షెడ్డులోకి వెళ్లాను. మన లేబుళ్లు కట్టలు కట్టలుగా అలాగే ఉన్నాయి, కప్పు దాకా. నీలం కాగితం, ఎర్ర ఆపిల్, బంగారు అక్షరాలు. వాటిని అంటించడానికి పెట్టెలూ లేవు, పెట్టెల్లోకి పండ్లూ లేవు. ఒక కట్ట చంకన పెట్టుకుని వచ్చాను. దొంగతనమే అనుకో. రూతు పరిగె ఏరుకున్నట్టు అని నాకు నేను చెప్పుకున్నాను.

గోధుమపిండి గంజిలో చిటికెడు పటిక వేసి జిగురు కాస్తాను. లేబుల్ మూత మధ్యలో పెట్టి, బొటనవేలితో లోపల్నించి బయటికి సాఫు చేస్తాను, గాలి బుడగ మిగలకూడదు. చుట్టూ అంచుకి స్టాంపులు. ఎవరి డబ్బా అయితే వాళ్ల ఇంటికి వచ్చిన ఉత్తరాల స్టాంపులే. కవరు ముక్క గోరువెచ్చని నీళ్ల సాసరులో వేస్తే కాసేపటికి స్టాంపు తనంతట తానే వదిలి తేలుతుంది. తొందరపడి లాగితే చిరుగుతుంది. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి అంటిస్తాను. పైన పడవలకు వేసే వార్నిష్ మూడు పూతలు. ఒక్క డబ్బాలేనా, టీ పళ్లేలు, బట్టల క్లిప్పుల పెట్టెలు, ఒకాయనకైతే ఆయన గడ్డం గీసుకునే మగ్గు కూడా.

ఇవ్వడానికి ముందు ఆఖరి పని ఒకటుంది. లేబుల్ కింద మూలన చిన్న తెల్లగడి ఉంటుందే, ప్యాకర్ నంబరు కొట్టేది, అందులో వాళ్ల పాత నంబరు కొడతాను. షెడ్డు మూసినప్పుడు రబ్బరు ముద్రలన్నీ తీగకి గుచ్చి గోడకి వేలాడదీసి పోయారు. ఊదా సిరా నా దగ్గరే ఉంది. ఆ గడి ఖాళీగా ఉంటే పెట్టె ఓడ ఎక్కదు గదా, డబ్బా కూడా నా గడప దాటదు. ఒకావిడ తన నంబరు మీద వేలుంచి, "ఇన్నాళ్లకి ఎవరో నన్ను పేరు పెట్టి పిల్చినట్టుంది హెస్బా," అంది. పేరు పెట్టి పిలిచేవాడు ఒక్కడేనని నేను ముప్ఫైసార్లు ప్రసంగించాను. ఆ రోజు మాత్రం నోరు మూసుకున్నాను.

అలా నలభై ఒక్క డబ్బాలు వెళ్లాయి. నీది వెళ్లలేదు. నీ డబ్బా మీద కొట్టాల్సిన నంబరు పదిహేడు.

ఈ ఇరవై మూడేళ్లలో ఏ ఉత్తరంలోనూ నీకు రాయని మాట ఒకటి ఇప్పుడు రాస్తాను. ఈ లోయలో కుళ్లిన దేన్నైనా పదిహేడు అంటారు. యాభై మూడులో నీ ముప్ఫై ఒక్క పెట్టెల్నీ ఇన్‌స్పెక్టరు రేవులో ఆపేసి వెనక్కి పంపినప్పటి నుంచీ ఆ మాట పుట్టింది. పుట్టించింది డల్సీ. మన పక్క బల్ల మీద తొమ్మిదో నంబరు, ఇప్పుడు చాపెల్లో హార్మోనియం వాయించేది. ఆమె చెడ్డది కాదు. భర్త పోయాక ప్రతి ఆదివారం నా ఇంట్లోనే భోజనం చేస్తోంది. నాకు మిగిలిన స్నేహితురాలు ఆమె ఒక్కతే. కాని బంగాళాదుంప కోస్తే లోపల నల్లగా కనిపించిందనుకో, ఫోర్కుతో గుచ్చి పైకెత్తి చూపిస్తుంది.

"ఇదుగో, ఉరుములమ్మా. నీ కూరలో పదిహేడు."

"అవతల పెట్టు డల్సీ."

"నీ చెల్లెలు కాబట్టి నీకు రోషం. నేనేం అబద్ధం చెప్తున్నానా? నీ చేతుల్లో ఉన్న నేర్పులో సగం ఆ పిల్లకిచ్చుంటే దేవుడి సొమ్మేం పోయేది?"

నేను ఏం చేసేదాన్నో తెలుసా? ఆ నల్ల ముక్క కోసి కోళ్లకి వేసేదాన్ని. మళ్లీ వచ్చి కూర్చుని కృతజ్ఞతా ప్రార్థన చేసేదాన్ని.

ఇక పోయిన మంగళవారం సంగతి. రూబెన్ ట్యాస్కర్ వచ్చాడు. మన షెడ్డు మేస్త్రీ. ఎనభైకి దగ్గర్లో ఉన్నాడు, లాన్సెస్టన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. ఈయన తన పెళ్లాన్ని ఏళ్ల తరబడి ట్రక్కులో చాపెల్ దాకా దింపి, తను మాత్రం లోపలికి రాకుండా బయట ట్రక్కులోనే కూర్చునేవాడు. ఆవిడ పోయాక ఆ రావడం కూడా మానేశాడు. దేవుడంటే గిట్టదనుకున్నాను. ఆయన రక్షణ కోసం నా ప్రార్థనల్లో ఒక వరస కేటాయించాను కూడా.

ఆయనకోసం టీ డబ్బా అంటించి ఉంచాను. ఇచ్చే ముందు అన్ని డబ్బాలకీ చేసినట్టే, షెడ్డులో ఒక్కో పండునీ చుట్టే పల్చని కాగితంలో చుట్టి, పైన మెలిక తిప్పాను. ఆయన విప్పలేదు. ఆ మెలికనే కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"ఎడమవైపుకి," అన్నాడు.

"నాది ఎడంచెయ్యి కదా మిస్టర్ ట్యాస్కర్. నాన్న నన్ను బైబిల్లోని ఎడంచేతి ఏహూదు అనేవాడు."

"తెల్సమ్మాయ్. నలభై మంది ప్యాకర్లలో ఎడమవైపుకి తిప్పేది నువ్వొక్కదానివే. యాభై మూడులో వెనక్కొచ్చిన పెట్టెలు మూడు నేనే తెరిచా. మూడింట్లోనూ ఇదే మెలిక."

కెటిల్ పొంగుతోంది. ఆయనే లేచి తీశాడు.

"ఏవిస్‌ని షెడ్డు వెనక్కి పిల్చి చూపించా. 'ఇవి నీవి కావు పిల్లా, ఎవరివో నీకూ తెల్సు, నాకూ తెల్సు' అన్నా. ఆ పిల్ల ఏమందో తెల్సా? 'పెట్టె మీద పదిహేడుంది కదండీ, నావే' అంది. ఇంకాస్త గద్దించా. 'మా అక్క ఆదివారం మొదటిసారి ప్రసంగం చెప్తోంది, మిస్టర్ ట్యాస్కర్. వదిలెయ్యండి' అంది. వదిలేశా. నాదేం పోయింది, సరుకు మళ్లీ కట్టించాలి, అంతే."

"ఏవిస్ నాకు చెప్పలేదు," అన్నాను.

"నువ్వే అడిగి ఆ పిల్ల చేత నింద మోయించావనుకున్నానమ్మాయ్. అందుకే లోపలికి రాలేదు నేను. ట్రక్కులో కూర్చున్నా నీ గొంతు వినబడేదిలే. అద్దం పైకి ఎత్తుకునేవాణ్ణి."

టీ తాగి, డబ్బా చంకలో పెట్టుకుని వెళ్లాడు. మెలిక విప్పకుండానే.

ఏవిస్, ఇన్ని పేజీలు తిరిగి తిరిగి చెప్పాల్సిన చోటికి వచ్చాను. నీకు తెలిసిందే నీకు చెబుతున్నానని ఇప్పుడు తెలుసు. అయినా నా చేత్తో రాయాలి.

యాభై మూడులో ఆ గురువారం నా బల్లకి ఎదురుగా ప్రసంగం కాగితం మేకుతో గుచ్చుకున్నాను. అయిదో తరగతితో బడి మానేసిన ప్యాకర్ పిల్ల చాపెల్లో నోరు విప్పబోతోందంటే లోయంతా వినడానికి వస్తారు, ఒక్క మాట తడబడకూడదు. కళ్లు కాగితం మీద, చేతులు పండ్ల మీద. పక్కకి తీసేయాల్సిన నల్లమచ్చ స్టర్మర్లన్నీ చుట్టేశాను, చుట్టినట్టు కూడా తెలియదు. సాయంత్రం పెట్టెల మీద ముద్ర కొట్టాను. మనిద్దరికీ ఒకటే సిరా పెట్టె, మధ్యలో. నువ్వు నా ఎడమవైపు. నా ఎడంచేతికి నీ ముద్రే దగ్గర. ముప్ఫై ఒక్కసార్లు పదిహేడు కొట్టాను. నా ముద్ర ఇరవై రెండు పొడిగా పక్కనే పడి ఉంది.

అది పొరపాటే, దేవుడి ముందు కూడా అదే చెబుతాను. పాపం మర్నాడు పొద్దున్న పది గంటలకు చేశాను. రాత్రే రేవుకి వెళ్లి పొద్దున్నే తిరిగొచ్చిన పెట్టె మూత రూబెన్ ఊడదీసినప్పుడు నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. నా మెలిక నాకు తెలియదా? నోరు తెరిచాను కూడా. అంతలో డల్సీ, "అయ్యో హెస్బా, ఆదివారం నీ ముఖం ఎలా చూపిస్తావే, నీ చెల్లెలి వల్ల," అంది. నోరు మూసుకున్నాను. పేతురు మూడుసార్లు బొంకాడు. నేను ఒక్కసారీ బొంకలేదు, అసలేం మాట్లాడలేదు. కోడి కూసే అవసరమే లేకపోయింది.

నిన్ను చివర బల్ల దగ్గర ఒంటరిగా నిలబెట్టారు. అలా నిలబెట్టినవాళ్ల దగ్గరికి ఎవరూ వెళ్లకూడదని షెడ్డు ఆచారం, మాట కూడా కలపకూడదు. ముప్ఫై ఒక్క పెట్టెలూ విప్పి నువ్వే మళ్లీ కట్టావు. ఇన్నేళ్లూ నేను దేన్ని పట్టుకుని నిద్రపోయానో చెబుతాను విను. నీకు తెలియదని, నీ పొరపాటే అని నువ్వే నమ్ముతున్నావని, అలా నమ్మితే నీకు నా మీద కోపం ఉండదని. నాలుగు వేలకు పైగా మెలికలు నీ వేళ్లతో విప్పావు, ఏవిస్. ప్రతి ఒక్కటీ ఎడమవైపుకి తిరిగింది. నీకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఈ చిన్న లెక్క వేసుకోవడానికి నాకు ఇరవై మూడేళ్లూ, ఒక ముసలాయనా కావలసి వచ్చారు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ నువ్వు ఒకటే అడిగావు, "అక్కా, ఆదివారం ఏ గౌను వేసుకుంటావు?" అని. శనివారం దాని కాలరు గంజి పెట్టి ఇస్త్రీ చేసింది నువ్వు. ఆదివారం మొదటి బెంచీలో కూర్చున్నావు. నేను దొంగ త్రాసు గురించి, దాన్ని దేవుడు ఎంత అసహ్యించుకుంటాడో దాని గురించి బల్ల గుద్ది చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. నువ్వు కూడా.

నీ ముద్రని షెడ్డు ఆచారం ప్రకారం పొయ్యిలో వేశారు. పెట్టెలు వెనక్కొచ్చిన నంబరు ఇంకెవరికీ ఇవ్వరు కదా. పటకారుతో తీసి జేబులో వేసుకున్నాను. అంచు కాలింది, ఏడులో తల కొంచెం పోయింది. నీ నంబరు విని ఏ షెడ్డూ నిన్ను పనిలో పెట్టుకోలేదు. నెల తిరిగేసరికి నువ్వు ఓడలో సముద్రం దాటి బ్రోకెన్ హిల్ రైలెక్కావు, హోటల్లో దుప్పట్లు ఉతికే పనికి. అమ్మ ముప్ఫై కోతలు చేసిన ప్యాకర్. "మన ఇంట్లో ఇలాంటి చేతులు ఎక్కణ్ణించొచ్చాయో," అనుకుంటూనే పోయింది. మంచం పక్కన నేనే ఉన్నాను. అప్పుడైనా చెప్పలేదు. ఇది ఇంకెవరూ సరిచేయలేరు, నేను కూడా.

ఆకాను దొంగిలించినదాన్ని గుడారంలో పాతిపెట్టాడు. నేను నీ ముద్రని బైబిల్ పెట్టుకునే సొరుగులోనే పెట్టాను. ప్రతి ఆదివారం రెంటినీ చూసేదాన్ని.

రూబెన్ వెళ్లాక మూడు రోజులు ఏ పనీ చేయలేదు. శుక్రవారం నాకు అర్థమైంది. నీ పేరు కడగాలంటే అది తెలిసినవాళ్ల ముందే కడగాలి. ఆదివారంతో చాపెల్ అయిపోతుంది. తర్వాత ఒకరు హోబార్ట్, ఒకరు మెల్బోర్న్. పదిహేడు అనే మాటని మూటల్లో కట్టుకుని పోతారు. ఇక నేను ఎవరికి చెప్పాలి?

నిన్న పద్నాలుగు మంది వచ్చారు. కోత బల్ల మీద గుమ్మడికాయలు, రొట్టె, నా జెల్లీ సీసాలు, ఒక్క పళ్లెంలో ఆపిల్స్. పక్కన నీ డబ్బా. శనివారం దాన్ని చేశాను. నువ్వు ఇన్నేళ్లూ నాకు రాసిన ఉత్తరాల స్టాంపులన్నీ దాని చుట్టూ ఉన్నాయి, ఒక్కటీ చిరగలేదు.

యాకోబు కథ తీశాను. తమ్ముడు అన్న బట్టలు తొడుక్కుని, చేతులకి మేకతోలు కట్టుకుని, గుడ్డి తండ్రి దగ్గర దీవెన కాజేసిన కథ. "గొంతు ఒకరిది, చేతులు ఇంకొకరివి అని ఆ తండ్రికి అనుమానం వచ్చింది. ఈ లోయకి రాలేదు," అన్నాను. "మీరు నా గొంతు విని ఇరవై మూడేళ్లు దీవించారు. ఆ ముప్ఫై ఒక్క పెట్టెలూ కట్టింది ఈ చేతులు. నా చెల్లెలు ఏవిస్ నంబరు కొట్టింది కూడా ఈ చేతులే. తెలిసీ నోరు మూసుకున్నాను." ఎప్పుడూ నలభై నిమిషాలు సాగదీసేదాన్ని, నిన్న ఆరు నిమిషాల్లో అయిపోయింది.

ఏం జరుగుతుందని ఊహించానో నాకే తెలియదు. ఎవరైనా లేచి రాయి విసిరినా బాగుండేది. ఒకాయన దగ్గాడు. రెండో వరసలో కొత్త కోడలు పిల్ల పక్కావిడ చెవిలో, "పదిహేడంటే మనిషా? నేనేదో పురుగు పేరనుకున్నా," అంది. గుసగుసే గాని చాపెల్ ఖాళీ కదా, అందరికీ వినబడింది.

ఆఖరి పాట పాడాలి. డల్సీ హార్మోనియం మూత వేసేసింది. పాట వాయిద్యం లేకుండానే మొదలుపెట్టాను. సగం మంది పాడారు. వెనక బెంచీలోంచి ఎవరిదో శ్రుతి లేని బొంగురు గొంతు కలిసింది. చూస్తే రూబెన్, మోకాలి మీద టోపీ పెట్టుకుని. గుమ్మం దగ్గర చెయ్యి కలిపి, "ఈ చాపెల్లో కూర్చుని విన్నది ఇదొక్కటే అమ్మాయ్. పొట్టిగా ఉంది, బావుంది," అన్నాడు.

డల్సీ అందరూ వెళ్లేదాకా ఆగింది.

"నేను చెడ్డదాన్నే హెస్బా, నా నోరు అంతే. కానీ నా నోటితో ఇరవై మూడేళ్లు నువ్వు అబద్ధం ఆడించావు. నీ బల్ల దగ్గరే, నీ అన్నం తింటూ. ఒక్కసారి, ఒక్క ఆదివారం, 'కాదు డల్సీ' అని అనలేకపోయావా?"

"అనలేకపోయాను."

"ఆ పిల్లకి నేనిప్పుడు ఏమని రాయను? దేవుడికేమని చెప్పుకోను? నీకు ప్రసంగం చెప్పుకోడానికి ఒక బల్ల ఉంది. నాకేముంది?"

ఆమెకి చెప్పడానికి బైబిల్ వాక్యం వెతకబుద్ధి కాలేదు. వెళ్లిపోయింది. ఊడవడానికి వెనక్కి వెళ్తే ఆమె బెంచీ మీద నేను ఆమెకిచ్చిన తొమ్మిదో నంబరు డబ్బా ఉంది. ఆమె భర్త యుద్ధం నుంచి రాసిన ఉత్తరాల స్టాంపులు దాని మీద అంటించాను. అది కూడా వదిలేసి వెళ్లింది. తాళం చెవి పెట్టాల్సిన చోట పెట్టి, రెండు డబ్బాలూ తెచ్చుకున్నాను. ఇంట్లో బల్ల మీద ఇద్దరికి పళ్లేలు పొద్దున్నే పెట్టి వెళ్లాను, అలవాటు కొద్దీ. రెండోది తీసి కడిగాను, మురికి కాకపోయినా.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. నేనూ ఎన్నోసార్లు బల్ల గుద్ది చెప్పాను. పోలేదు, ఏవిస్. ఇంతకాలం సొరుగులో ఉండేది, ఇప్పుడు గదంతా ఉంది. కాని ఈ లోయలో ఇక నిన్ను ఎవరూ ఆ మాటతో అనరు. డల్సీ అననివ్వదు. ఆమె కోపం అలాంటిది, దాని మీద నాకు నమ్మకం ఉంది.

ఇప్పుడు చివరికి ఉంచుకున్న ప్రశ్న. "చాపెల్ మూసేశాక ఎవరికి చెప్తావక్కా ప్రసంగాలు, వాలబీ కంగారూలకా? ఇక్కడికొచ్చెయ్. వెనక వరండాలో మంచం వేశాం, నీ కోసమే దోమతెర కూడా కుట్టాను," అని రాశావు. ఆ దోమతెర మాట ఎన్నిసార్లు చదివానో. రావాలని ఉంది. రాత్రి పూట ఇంకో మనిషి గురక వినాలని ఉంది, కెన్ గురక గురించి నువ్వెంత చెడ్డగా రాసినా సరే. కాని అన్నీ తెలిసి నువ్వు పిలిచిన పిలుపుని, నీకేం తెలియదనుకున్న మనిషి అందుకోకూడదు. ఇప్పుడు నాకు తెలుసని నీకు తెలుసు. మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకో. వద్దనే హక్కు నీకుంది. నువ్వు మంచిదానివి కదా అని నేను దాన్ని కూడా వాడేసుకోను.

డబ్బా ఈ ఉత్తరంతో పాటే పార్సిల్లో పంపుతున్నాను. మూత మీద తెల్లగడి ఖాళీగానే వదిలాను. అందులో నీ నంబరు నేను కొట్టను. అది నా చేత్తో ఒకసారి కొట్టిందే చాలు. లోపల పల్చని కాగితంలో నీ ముద్ర ఉంది. సిరా పెట్టె అక్కడ దొరక్కపోతే బీట్‌రూట్ ముక్క మీద అద్దు, చిన్నప్పుడు గోడలన్నీ అలాగే పాడుచేశాం.

రమ్మనడానికే నీకు మనసుంటే, ఒక కవరు మీద నా చిరునామా రాసి, వెనక ఆ ముద్ర ఒక్కసారి కొట్టి పంపు. లోపల ఉత్తరం అక్కర్లేదు. ఏడులో తల లేకపోయినా నేను పోల్చుకుంటాను. రాకపోతే కూడా నాకు అర్థమవుతుంది, కోళ్లకి గింజలు వేస్తూ ఇక్కడే ఉంటాను. పోస్టు వ్యాను మంగళవారం, శుక్రవారం వస్తుంది. గేటు దగ్గర క్విన్స్ చెట్టు కింద నిలబడతాను, ఎలాగూ నిలబడేదాన్నే.

కాగితం చుట్టేటప్పుడు ఒకటి చేశాను. జీవితంలో మొదటిసారి కుడివైపుకి మెలిక తిప్పాలని చూశాను, నీలాగా. మూడుసార్లు ఊడిపోయింది. చివరికి ఎడమవైపుకే తిప్పాను. అది నాదేనని నీకు తెలియాలి.

ఇట్లు,
నీ కాలరు గంజి ఇంకా మెడకి గుచ్చుకుంటున్న
నీ అక్క,
హెస్బా
(ప్యాకర్ నంబరు ఇరవై రెండు)